స్పీకర్లలో గుయ్యిమనే మోత: ముందు ఆ ఎర్త్ పిన్ను తిరిగి పెట్టించండి

ప్రశ్న: మా హాల్లో ఒక ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు, ఆంప్‌కు సరిగ్గా పై అరలో రికార్డ్ ప్లేయర్ ఉన్నాయి. టీవీ శబ్దం కూడా ఆంప్ ద్వారానే వింటాం. మూడు నెలల కిందట పవర్డ్ సబ్‌వూఫర్ (సొంత ఆంప్ ఉన్న, కింది స్వరాలు పలికే స్పీకర్) కొని గదిలో ఎదురు మూలన పెట్టాను. ఆ రోజు నుంచి పాట ఆగితే చాలు, సన్నగా గుయ్యిమని మోత. రికార్డు పెట్టబోతే ఇంకా ఎక్కువ, అదీ ఎడమ స్పీకర్లోనే. సాయంత్రమయ్యేసరికి దానికి తోడు కందిరీగలు తిరుగుతున్నట్టు రొద. ఒక స్నేహితుడు సబ్‌వూఫర్ ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను తీసేస్తే మోత సగానికి పైగా తగ్గింది. అలాగే వాడుకోవచ్చా? మిగిలిన మోతకు పవర్ కండిషనర్ (కరెంటును శుభ్రం చేసి ఇస్తుందనే పెట్టె) పెట్టమని ఒకరు, ఖరీదైన కేబుళ్లు వేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది కొనాలి?

జవాబు: వాడుకోకూడదు. సబ్‌వూఫర్ ప్లగ్గును ఇప్పుడే సాకెట్‌లోంచి తీసేయండి. ఎర్త్ పిన్ను ఉన్న ప్లగ్గు వేయించాక మాత్రమే దానికి మళ్లీ కరెంటివ్వండి. మోత చికాకు పెడుతుందే తప్ప ప్రాణం మీదికి తేదు. పిన్ను లేని ప్లగ్గు తేగలదు.

మూడు పిన్నులతో వచ్చిన పరికరం లోహపు భాగాలన్నీ ఎర్త్ వైరుకు కలిపి ఉంటాయి. లోపల ఫేజ్ వైరు ఊడో, దాని తొడుగు కరిగో ఆ లోహానికి తగిలితే కరెంటు ఎర్త్ వైరు గుండా ఒక్కసారిగా పారుతుంది. ఫ్యూజు పోతుంది, లేదా బ్రేకర్ పడిపోతుంది. పిన్ను తీసేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు సబ్‌వూఫర్ నుంచి ఆంప్‌కు వెళ్లే సన్నటి ఆడియో కేబుల్ మీద ఆ భారమంతా పడుతుంది. అంత కరెంటు మోయగల తీగ కాదది. మీ ఆంప్ రెండు పిన్నులదైతే ఇంకా ప్రమాదం. ఆ కేబుల్ వెంట మెయిన్స్ కరెంటు ఆంప్ నాబ్‌ల దాకా, రికార్డ్ ప్లేయర్ లోహపు చేయి దాకా వచ్చి కూర్చోవచ్చు. ఫ్యూజు పోతుందన్న భరోసా కూడా ఉండదు. ఇంట్లో పిల్లలున్నా లేకున్నా ఇది ఒక్కరోజు కూడా ఉంచదగ్గ ఏర్పాటు కాదు.

మీ స్నేహితుడు మంచి ఉద్దేశంతోనే చేశారు. ఆయన చేసిన పని వల్ల మనకో ఆధారం కూడా దొరికింది. ఎర్త్ తెగగానే మోత తగ్గిందంటే సబ్‌వూఫర్ చెడిపోలేదు, అందులోని ఆంప్ బాగానే ఉంది. తప్పు దాన్ని కలిపిన తీరులో ఉంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

సబ్‌వూఫర్‌కూ మిగతా సెట్‌కూ మధ్య ఇప్పుడు రెండు బంధాలున్నాయి. ఒకటి గోడల్లోంచి వెళ్లే ఎర్త్ వైరు, రెండోది ఆడియో కేబుల్ చుట్టూ జాలీలా అల్లిన తీగ, అంటే షీల్డ్. ఈ రెండూ కలిసి మీ గదంత పెద్ద వలయం తయారైంది. ఇంట్లోని కరెంటు వైర్ల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం ఆ వలయంలో చిన్న కరెంటును పుట్టిస్తుంది. రెండు సాకెట్ల ఎర్త్‌ల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజీ తేడా ఇంకొంచెం కలుపుతుంది. మీ పరికరాల మధ్య ఉండే మామూలు ఆడియో కేబుల్, అంటే ఆర్‌సీఏ కేబుల్‌తో వచ్చిన చిక్కేమిటంటే, పాట తిరిగి వెళ్లే దారి కూడా ఆ షీల్డే. దాని మీద ఏ కాస్త అనవసరపు వోల్టేజీ పుట్టినా ఆంప్ దాన్ని పాటలో భాగమనే అనుకుంటుంది. ఈ కేబుళ్లలో పాట వోల్టులో మూడో వంతు దగ్గర ఉంటుంది. మోత ఒక్క మిల్లీవోల్టున్నా నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెవికి తెలిసిపోతుంది. సబ్‌వూఫర్ కేబుల్ సెట్ మొత్తంలో అన్నిటికంటే పొడవైనది, పైగా దాని ప్లగ్గు వేరే గోడకు పెట్టారు. మీ మోత సరిగ్గా ఆ రోజునే మొదలవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఆంప్ వెనక్కి వెళ్లి దాని ప్లగ్గు చూడండి. మూడు పిన్నులుంటే వలయం ఆంప్‌కూ సబ్‌వూఫర్‌కూ మధ్యే ఉండొచ్చు. రెండే ఉంటే ఆంప్ తానుగా ఎర్త్‌కు కలవలేదు కాబట్టి వలయం ఇంకెక్కడో మూసుకుంటోంది. నా అనుమానం టీవీ యాంటెన్నా కేబుల్ మీద. బయటి నుంచి వచ్చే ఆ కేబుల్ షీల్డ్‌ను భవనంలో వేరే చోట ఎర్త్ చేసి ఉంటారు. అక్కడి నుంచి టీవీలోకి, టీవీ నుంచి ఆడియో కేబుల్ మీదుగా ఆంప్‌లోకి, ఆంప్ నుంచి సబ్‌వూఫర్‌కు, సబ్‌వూఫర్ ఎర్త్ నుంచి మళ్లీ భవనం ఎర్త్‌కు. నేనొకసారి ఇలాంటి మోత వెంట నెల రోజులు తిరిగాను. కేబుళ్లన్నీ మార్చాను, ఆంప్ విప్పించాను. చివరికి టీవీ వెనక యాంటెన్నా కేబుల్ లాగిన క్షణంలో గది నిశ్శబ్దమైపోయింది. అన్ని రోజులూ టీవీ ఆఫ్‌లోనే ఉండేది కాబట్టి దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఆఫ్ చేసిన పరికరం కూడా కేబుల్ ద్వారా ఎర్త్‌కు కలిసే ఉంటుంది. ఈ వెతుకులాటలో స్విచ్ ఆపితే చాలదు, కేబుల్ ఊడదీయాలి.

వెతకడానికి ముందు కాసేపు కూర్చుని వినండి. మీరు ఉత్తరంలో గుయ్యిమనే మోత అనీ కందిరీగల రొద అనీ వేర్వేరుగా రాశారు. అది చాలా పనికొచ్చే తేడా. మెయిన్స్ కరెంటు కొన్ని దేశాల్లో సెకనుకు 50 సార్లు, కొన్ని దేశాల్లో 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. గ్రౌండ్ లూప్ మోత, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉండటం వల్ల వచ్చే మోత ఎక్కువగా ఆ స్వరంలోనే, మెత్తగా, లోతుగా ఉంటాయి. ఆంప్ లోపలి పవర్ సప్లయిలో కెపాసిటర్లు ప్రతి ఊపుకూ రెండుసార్లు నిండుతాయి. అక్కడి లోపం దానికి రెట్టింపులో, అంటే 100 లేదా 120 హెర్ట్జ్‌లో, కాస్త గరుకుగా వినిపిస్తుంది. కందిరీగ రొదలో వీటిపైన ఇంకా ఎన్నో సన్నటి స్వరాలు కలిసి ఉంటాయి. అది తరచూ లైట్ల వెలుగు తగ్గించే డిమ్మర్లు, ఛార్జర్లు, ఫ్యాన్ రెగ్యులేటర్ల వంటి వాటి నుంచి వస్తుంది. చెవికి అందకపోతే ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి హెడ్‌ఫోన్లలో 50, 100 హెర్ట్జ్ స్వరాలు వినండి. 60 హెర్ట్జ్ కరెంటున్న చోట 60, 120 పెట్టుకోండి. ఫోన్ సొంత స్పీకర్‌తో మాత్రం వినకండి, అంత కింది స్వరం దానికి పలకదు.

మోత స్పీకర్లోంచి వస్తోందా, ఆంప్ పెట్టెలోంచే వస్తోందా అన్నదీ చెవి దగ్గర పెట్టి తేల్చుకోవాలి. పెట్టెలోంచి వస్తే అది ట్రాన్స్‌ఫార్మర్ వణుకు. మెయిన్స్‌లో కొద్దిగా డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, కలిసినప్పుడు, ముఖ్యంగా గుండ్రటి టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్లు ఇలా మూలుగుతాయి. హెయిర్ డ్రయ్యర్ సగం వేడి మీద నడుస్తున్నప్పుడు మూలుగు పెరిగితే కారణం అదే. దానికి ఆడియో కేబుళ్లు ఎన్ని మార్చినా గుణం కనిపించదు.

తర్వాతది వాల్యూమ్ పరీక్ష. పాట లేకుండా వాల్యూమ్ నాబ్‌ను మెల్లగా తిప్పండి. మోత దానితో పాటు పెరిగి తగ్గితే, తప్పు నాబ్‌కు ముందున్న చోట ఉంది: రికార్డ్ ప్లేయర్, టీవీ, వాటి కేబుళ్లు. ఏమీ మారకపోతే నాబ్‌కు తర్వాత ఉంది: ఆంప్ చివరి భాగం, పవర్ సప్లయి, లేదా సబ్‌వూఫర్‌కు వెళ్లే దారి. ఒక్కో ఇన్‌పుట్ మార్చి ఇదే పరీక్ష చేయండి. రికార్డ్ ప్లేయర్ ఇన్‌పుట్‌లో ఒక తీరు, టీవీ ఇన్‌పుట్‌లో ఒక తీరు ఉంటే మీ ఇంట్లో ఉన్నది రెండు వేర్వేరు మోతలు. మీరు రాసినదాన్ని బట్టి నాకు మూడు కనిపిస్తున్నాయి. ఒక్కదాన్ని నయం చేసి, మిగతావి వినిపిస్తున్నాయి కదా అని నిరాశపడి మళ్లీ మొదటికి రావడం ఈ పనిలో అందరూ చేసేదే. విడివిడిగా రాసుకోండి.

ఇక ఊడదీయడం. ప్రతిసారీ ఆంప్, సబ్‌వూఫర్ రెండూ ఆఫ్ చేశాకే కేబుల్ ముట్టుకోండి. ఆర్‌సీఏ ప్లగ్గు లోపలికి వెళ్లేటప్పుడు నడిమి పిన్ను ముందు తగులుతుంది, షీల్డ్ తర్వాత తగులుతుంది. ఆ మధ్య క్షణంలో పుట్టే పెద్ద మోత స్పీకర్ కోన్‌ను దెబ్బతీయగలదు. ముందు ఆంప్‌కు స్పీకర్లు తప్ప ఏమీ లేకుండా చేసి వినండి. నిశ్శబ్దంగా ఉందంటే ఆంప్ మంచిదే. అలా కాక ఏ కేబులూ లేకుండానే రెండు స్పీకర్లలో సమానంగా, వాల్యూమ్‌తో సంబంధం లేని మోత వస్తుంటే పవర్ సప్లయి కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. పాత ఆంప్‌లలో ఇది మామూలే. దాన్ని మీరు విప్పవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా ఆ కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది. తెలిసిన మెకానిక్‌కు ఇవ్వండి.

ఆంప్ మంచిదని తేలాక ఒక్కొక్కటే కలుపుతూ రండి. ఎర్త్ పిన్ను ఉన్న ప్లగ్గుతో సబ్‌వూఫర్, తర్వాత యాంటెన్నా లేకుండా టీవీ, తర్వాత యాంటెన్నాతో టీవీ. రికార్డ్ ప్లేయర్ చివర. ఏది కలపగానే మోత మొదలైందో అదే వలయాన్ని మూసింది.

రికార్డ్ ప్లేయర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మోతకు ఇంత సులువుగా లొంగే పరికరం ఇంకోటి లేదు. సూదిని పట్టుకుని ఉండే చిన్న భాగాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. మామూలు మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. దాన్ని ఆంప్‌లో రికార్డ్ ప్లేయర్ కోసం ఉండే ఫోనో విభాగం దాదాపు వంద రెట్లు పెంచుతుంది. అక్కడితో అయిపోలేదు. రికార్డు కోసేటప్పుడు కింది స్వరాలను తగ్గించి కోస్తారు. వినేటప్పుడు వాటిని తిరిగి అంతే పెంచాలి. 1954 నుంచి వాడుకలో ఉన్న ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) కొలత ప్రకారం 50 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే ఏడు రెట్లు. సరిగ్గా మోత ఉండే చోటే ఆంప్ చెవులు రిక్కించి వింటోందన్నమాట. మీ రికార్డ్ ప్లేయరేమో ఆంప్‌కు సరిగ్గా పై అరలో, దాని ట్రాన్స్‌ఫార్మర్ మీదే కూర్చుని ఉంది. ఈ క్షేత్రం దూరం రెట్టింపయితే దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి ముందు రికార్డ్ ప్లేయర్‌ను కేబుల్ అందినంత మేర పక్కకు జరిపి చూడండి. రికార్డు లేకుండా, మోటారు ఆపి, వాల్యూమ్ కొద్దిగా పెట్టి, ఆర్మ్‌ను చేత్తో మెల్లగా అటూ ఇటూ కదపండి. ఒక చోట మోత పెరిగి ఇంకో చోట తగ్గితే అది ట్రాన్స్‌ఫార్మర్ పనే.

మీ మోత ఎడమ స్పీకర్లోనే ఎక్కువ అన్నారు. అది నాకు ఇంకో కథ చెబుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రభావం సాధారణంగా రెండు పక్కలా పడుతుంది. ఒకే పక్క వస్తే ఎక్కడో ఒక తీగ వదులైంది. అన్నీ ఆఫ్ చేసి, ఆంప్ వెనక ఫోనో ఇన్‌పుట్‌లో ఎడమ, కుడి ప్లగ్గులు మార్చి పెట్టండి. మోత కుడి స్పీకర్‌కు మారితే తప్పు రికార్డ్ ప్లేయర్ వైపుంది. ఎడమలోనే నిలిచిపోతే ఆంప్ వైపుంది. రికార్డ్ ప్లేయర్ వైపైతే కార్ట్రిడ్జ్ వెనక నాలుగు సన్నటి తీగలు చూడండి. తెలుపు, నీలం ఎడమవి; ఎరుపు, ఆకుపచ్చ కుడివి. నీలం తీగ ఎడమ పక్క గ్రౌండు. అది వదులైతే సరిగ్గా మీరు చెప్పిన మోతే వస్తుంది. సన్నటి చిమటాతో ఆ నాలుగు క్లిప్పుల్నీ కాస్త లాగి మళ్లీ బిగువుగా తొడగండి. ఆ పిన్నులకు సోల్డరింగ్ ఐరన్ మాత్రం తగలనివ్వొద్దు, వేడికి కార్ట్రిడ్జ్ లోపలి కాయిల్ తెగుతుంది. తర్వాత రికార్డ్ ప్లేయర్ నుంచి విడిగా వచ్చే సన్నటి గ్రౌండ్ వైరు ఆంప్ మీద జీఎన్‌డీ అని రాసిన మర కింద గట్టిగా బిగించి ఉందో లేదో చూడండి. లోహపు ఆర్మ్‌ను వేలితో తాకితే మోత తగ్గుతోందంటే ఆర్మ్‌కు గ్రౌండ్ అందడం లేదు. వేలితో తాకినప్పుడు చిన్న చురుకు తగిలితే మాత్రం వెతకడం ఆపేసి, ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. సాకెట్‌లో ఎర్త్ రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక వైరు ఉందని కాదు.

సాయంత్రపు కందిరీగలు మీ సెట్‌లో పుట్టినవి కావని నా నమ్మకం. సాయంత్రమే వస్తున్నాయంటే లైట్లను చూడాలి. డిమ్మర్ ప్రతి కరెంటు ఊపులో కొంత భాగాన్ని కోసేస్తుంది. సగం వెలుగు దగ్గర పెట్టినప్పుడు ఆ కోత ఊపు శిఖరం మీద పడి రొద అన్నిటికంటే ఎక్కువవుతుంది. రొద వస్తున్నప్పుడు ఇంట్లో లైట్లు, ఛార్జర్లు ఒక్కొక్కటే ఆపుతూ రండి. ఇంకా తేలకపోతే బ్యాటరీతో నడిచే పాత ఏఎమ్ రేడియో ఒకటి సంపాదించి, స్టేషన్ లేని చోట ట్యూన్ చేసి చేత పట్టుకుని ఇల్లంతా తిరగండి. మీ స్పీకర్లలో వినే రొదే అందులోనూ వినిపిస్తుంది, మూలానికి దగ్గరయ్యేకొద్దీ పెరుగుతుంది. దొరికిన డిమ్మర్‌ను మామూలు స్విచ్‌గా మార్పించేయడమే నిక్కమైన మందు.

కొనడం గురించి అడిగారు. పవర్ కండిషనర్ వద్దు. వాటిలో ఎక్కువ భాగం ఎర్త్ వైరును ఉన్నదున్నట్టే అటు నుంచి ఇటు దాటిస్తాయి కాబట్టి మీ వలయం చెక్కుచెదరదు. ఖరీదైన కేబులూ వద్దు. మందమైన షీల్డ్ ఉన్న మామూలు కేబుల్ కొద్దిగా మేలు చేస్తుంది, అంతే. పైసా ఖర్చు లేని మార్పు ఒకటుంది: ఆంప్, టీవీ, సబ్‌వూఫర్, మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. ఎర్త్ ఒకే చోట కలిస్తే ఆ వోల్టేజీ తేడా దాదాపు పోతుంది. సబ్‌వూఫర్ పవర్ వైరును ఆడియో కేబుల్ వెంటే నడిపిస్తే వలయం వైశాల్యం తగ్గుతుంది. రెండూ ఒకదానికొకటి చుట్టుకోకుండా జానెడు ఎడం ఉంచండి. బోర్డు మోయగల వాట్లు చూసుకోండి, ఒక బోర్డులోంచి ఇంకో బోర్డు తీయొద్దు. సబ్‌వూఫర్‌ను ఆంప్ ఉన్న గోడ వైపుకే తేగలిగితే కేబుల్ కూడా సగమవుతుంది. బేస్ ఎక్కడి నుంచి వస్తోందో చెవి సులువుగా పట్టలేదు కనుక, చాలా గదుల్లో దీనివల్ల పెద్దగా నష్టం ఉండదు.

అప్పటికీ తగ్గకపోతేనే డబ్బు తీయండి. టీవీ నుంచి ఆంప్‌కు ఆప్టికల్ కేబుల్ వేసుకునే వీలుంటే వేయండి. తోషిబా 1983లో తెచ్చిన ఈ పద్ధతిలో పాట వెలుతురుగా ప్లాస్టిక్ తీగలో వెళ్తుంది, రెండు పరికరాల మధ్య విద్యుత్ బంధమే ఉండదు. యాంటెన్నా కేబుల్ దోషి అని తేలితే, దాని దారిలో పెట్టే గాల్వానిక్ ఐసొలేటర్ (టీవీ సిగ్నల్‌ను దాటించి షీల్డ్ బంధాన్ని తెంచేది) చిన్న వస్తువు. సబ్‌వూఫర్ దారిలో వలయం తెంచాలంటే ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. పాట అయస్కాంతం ద్వారా దాటుతుంది, షీల్డ్‌లు కలవవు, ప్లగ్గు ఎర్త్ దాని చోట అది భద్రంగా ఉంటుంది. ఇక్కడ చవకది తీసుకోకండి. చిన్న కోర్ ఉన్నవి కింది స్వరాలు రాగానే నిండిపోయి బేస్‌ను పాడుచేస్తాయి, మీరు సబ్‌వూఫర్ కొన్నదే ఆ స్వరాల కోసం. 20 హెర్ట్జ్ దాకా పనిచేస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి.

ప్లగ్గు బాగు చేయించాక మూడు సంగతులు రాయండి: ఆంప్‌కు ఎన్ని పిన్నులు, యాంటెన్నా తీస్తే ఏమైంది, ఫోనో ప్లగ్గులు మార్చితే మోత ఏ స్పీకర్‌కు వెళ్లింది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలా వద్దా అన్నది అప్పుడు చెప్తాను. అంతవరకూ ఏమీ కొనకండి.